కాలి పుండు, మొండి క్రిములు



కుల్చారం పేరు చదువుకున్నవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథ సూరిది ఈ ఊరే అని పెద్దలు చెబుతారు. కష్టమైన మాట వస్తే ఆయన దాన్ని విడదీసేవాడు. అర్థం చెప్పి ముందుకు పోయేవాడు. ఈరోజు విడదీసి చూడాల్సింది పుస్తకంలోని మాట కాదు. కాలి మీది పుండు.

పుండు అందరికీ తెలుసు. ముల్లు గుచ్చుకుంటుంది. గీరుకుంటుంది. పది రోజుల్లో మానిపోతుంది. కానీ కొందరికి మానదు. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. మోకాలి కింద పుండు ఆరు వారాలు దాటినా మానకపోతే అది మామూలు పుండు కాదు. దాన్ని మొండి పుండు అనుకోవాలి.

ఒక ఇల్లు అనుకోండి. అలాంటి ఇల్లు కుల్చారంలో ఏ వాడలోనైనా ఉండొచ్చు. ఆ ఇంట్లో అత్తకు 55 ఏళ్ళు. ఘనపూర్ ఆనకట్ట నీళ్ళు పారే పొలాల్లో ముప్పై ఏళ్ళు వరినాట్లు వేసింది. నాట్లు లేని రోజుల్లో బీడీలు చుట్టింది. పొద్దంతా నిలబడాలి, లేకుంటే పొద్దంతా కూర్చోవాలి. కాళ్ళ నరాలు వానపాముల్లాగా ఉబ్బాయి. సాయంత్రమయ్యే సరికి పాదాలు వాచేవి. చీలమండ పైన చర్మం నల్లబడింది. దురద పెట్టేది.

ఒకరోజు గట్టు మీద తుమ్మముల్లు గీరుకుంది. గోరంత గాయం. అది మానలేదు. రూపాయి బిళ్ళంత అయింది. తర్వాత అరచేయంత అయింది. ఏడాది దాటింది.

అత్త ఊరికే కూర్చోలేదు. పసుపు పెట్టింది. ఆకు పసరు పిండింది. ఎవరో చెబితే పొగాకు పొడి అద్దింది. చీము వాసన వచ్చినప్పుడు మనవణ్ణి మందుల షాపుకు పంపింది. "చీము పుండుకు గోలీలు ఇయ్యమను" అన్నది. షాపాయన నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చాడు. రెండు మింగితే సలుపు తగ్గింది. మిగిలిన రెండు డబ్బాలో దాచింది. మళ్ళీ సలిపినప్పుడు ఆ రెండూ మింగింది. ఒకసారి కొడుకు దగ్గుకు తెచ్చిన గోలీలు కూడా మింగింది. ఒక గోలీని పొడి చేసి పుండు మీద చల్లింది. ఇట్లా ఏడాదిలో ఆరేడుసార్లు.

చివరికి ఒకనాడు చలిజ్వరం వచ్చింది. పుండు చుట్టూ ఎర్రగా పాకింది. ముట్టుకుంటే కాలిపోతోంది. అదే గోలీ మింగింది. పని చెయ్యలేదు. ఇంకో నాలుగు మింగింది. అప్పుడూ పని చెయ్యలేదు.

"మందుల్లో కల్తీ ఉన్నది" అన్నది అత్త. అత్త అనుమానం వట్టిది అని కొట్టిపారెయ్యలేం. కల్తీ మందులు కూడా లోకంలో ఉన్నాయి. కానీ ఇక్కడ జరిగింది వేరు.

ముందు పుండు ఎందుకు మానలేదో చూద్దాం.

బావి మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. ఎక్కిన నీళ్ళు మళ్ళీ కిందికి జారకుండా అది ఆపుతుంది. కాళ్ళ నుంచి గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాల్లో కూడా అలాంటి చిన్న చిన్న వాల్వులు ఉంటాయి. నడిచినప్పుడు పిక్క కండ బిగుసుకుంటుంది. అదే మోటారు. నెత్తురును పైకి తోస్తుంది. వాల్వు మూసుకుంటుంది. నెత్తురు కిందికి రాదు.

ఈ వాల్వులు పాడైతే? పైకి పోయిన నెత్తురు మళ్ళీ కిందికి జారుతుంది. చీలమండ దగ్గర నిలువ ఉంటుంది. నీళ్ళు నిలిచిన మడిలో మొక్క కుళ్ళినట్టు, అక్కడి చర్మం బలహీనపడుతుంది. నల్లబడుతుంది. చిన్న గీత పడినా పుండవుతుంది. వాపు తగ్గనిదే ఆ పుండు మానదు. ఎన్ని గోలీలు మింగినా వాల్వు బాగుపడదు.

పుండుకు ఇంకా కారణాలు ఉన్నాయి. షుగరు ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. కుష్ఠు సోకి నరాలు దెబ్బతిన్నవాళ్ళకూ అంతే. కొందరికి కాలికి నెత్తురు తెచ్చే నాళాలే సన్నబడతాయి. వాళ్ళ పాదం చల్లగా ఉంటుంది. కాలు కిందికి వేలాడదీస్తే కొంచెం నయంగా ఉంటుంది. బీడీ తాగేవాళ్ళకు ఈ బాధ ఎక్కువ. అందుకే మొదటి ప్రశ్న "ఏ గోలీ వెయ్యాలి?" అని కాదు. "ఈ పుండు ఎందుకు వచ్చింది?" అని.

ఇప్పుడు క్రిముల సంగతి. క్రిమి అంటే కంటికి కనబడని జీవి. దాన్ని బాక్టీరియా అంటారు. నెల నుంచి తెరిచి ఉన్న ఏ పుండులోనైనా ఇవి ఉంటాయి. డాక్టరు ఇంట్లో వాళ్ళ పుండులోనైనా ఉంటాయి. ఉన్నంత మాత్రాన మందు మింగాల్సిన పని లేదు. చాలామందికి ఈ ముక్క తెలియదు. పుండు తడిగా ఉంటే చాలు, గోలీ కావాలి అనుకుంటారు.

గోలి అడుగున పాచి పడుతుంది కదా! నీళ్ళు పారబోసినా పోదు. కొబ్బరి పీచు పెట్టి రుద్దితేనే పోతుంది. పాత పుండులో క్రిములు కూడా అలాగే జిగట పొర కట్టుకుని, దాని కింద దాక్కుంటాయి. మింగిన మందు నెత్తురులో కలిసి పుండు దాకా వస్తుంది. కానీ ఆ పొర లోపలికి సరిగా దిగదు. అందుకే కడగడమే పెద్ద మందు. చచ్చిన చర్మాన్ని దవాఖానలో తీసేయించుకోవడం ఇంకో మందు.

మరి గోలీ ఎప్పుడు కావాలి? పుండు చుట్టూ ఎరుపు రోజురోజుకు పాకుతుంటే కావాలి. కాలు వేడెక్కి, వాచి, నొప్పి పెరిగితే కావాలి. చలిజ్వరం వస్తే కావాలి. గజ్జల్లో బిళ్ళలు కట్టినా జాగ్రత్త పడాలి. అంటే క్రిములు పుండు దాటి ఒంట్లోకి దిగుతున్నాయని గుర్తు. షుగరు ఉన్నవాళ్ళు ఒక్కరోజు కూడా ఆగకూడదు. వాళ్ళకు పాదమే పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఆ రోజు కోసమే యాంటీబయాటిక్ మందులు ఉన్నాయి. అత్తకు ఆ రోజు వచ్చింది. కానీ మందు అప్పటికే అరిగిపోయింది.

మందు అరిగిపోవడం ఏమిటి? పత్తి వేసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టింది. రైతులు మందు కొట్టారు. పురుగు చావలేదు. ఇంకో మందు కలిపి కొట్టారు. అయినా చావలేదు. అప్పులపాలై ఎంతోమంది ప్రాణాలు తీసుకున్నారు. ఏళ్ళ తరబడి మందులు కొట్టగా కొట్టగా, మెతక పురుగులు చచ్చాయి. మందును తట్టుకునే మొండి పురుగులు మిగిలాయి. వాటికి పుట్టినవన్నీ మొండివే.

క్రిముల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పురుగుకు పిల్లలు కావాలంటే వారాలు పడుతుంది. అనువైన చోట కొన్ని క్రిములు 20 నిమిషాలకు ఒకసారి రెండింతలవుతాయి. పలక మీద లెక్క వేసి చూడండి. 1, 2, 4, 8, 16... ఏడు గంటలు గడిచేసరికి ఒక్క క్రిమి 20 లక్షలు దాటుతుంది. పైగా క్రిములకు ఇంకో విద్య ఉంది. మందును తట్టుకునే ఉపాయాన్ని ఒక క్రిమి పక్క క్రిమికి అందించగలదు. అది వేరే జాతి క్రిమి అయినా సరే.

అత్త రెండు గోలీలు మింగి ఆపింది. మెతకవి చచ్చాయి, సలుపు తగ్గింది. మొండివి మిగిలాయి. నెల తర్వాత మళ్ళీ అదే. పుండు మీద చల్లిన పొడి కూడా అంతే చేసింది. చంపేటంత బలం లేదు, నేర్పేటంత బలం ఉంది.

ఈ ముచ్చట కొత్తది కాదు. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే డాక్టరు పెన్సిలిన్ కనిపెట్టాడు. 1945లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి తీసుకున్నప్పుడు ఇచ్చిన ఉపన్యాసంలోనే ఆయన హెచ్చరించాడు. మందు తక్కువ మోతాదులో వాడితే క్రిములు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయని చెప్పాడు. లోకం ఆ మందును మెచ్చుకుంది. మాటను మరిచిపోయింది.

తెలుగువాళ్ళకు కూడా ఈ మందులతో చుట్టరికం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలు నడిపించాడు. ఆయన పెద్దగా ఉన్నప్పుడే అక్కడ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో అది బయటికి వచ్చింది. బంగారు రంగులో ఉండేది. బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. గోలీ కూడా సుబ్బారావు బృందం పనే. బోదకాలు ఉన్నవాళ్ళు రోజూ కాలు కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకోవాలి. ఆ సందుల్లో పగుళ్ళ నుంచే క్రిములు దూరతాయి.

ఇక కుష్ఠు సంగతి. 2016 దాకా మెదక్ జిల్లా పక్కనే నిజామాబాద్ జిల్లా ఉండేది. అక్కడ డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠు ఆసుపత్రి పెట్టింది. కాళ్ళ మీద పుండ్లతో ఇంటినుంచి వెళ్ళగొట్టినవాళ్ళు ఎందరో అక్కడ తలదాచుకున్నారు. అప్పుడు కుష్ఠుకు సరైన మందు లేదు. 1940ల తర్వాత డాప్సోన్ అనే మందు వచ్చింది. చవక మందు. మంచి మందు. అయితే ఆ ఒక్క మందునే ఏళ్ళ తరబడి ఇచ్చారు. కొందరు మధ్యలో మానేసేవాళ్ళు. 1960లలో ఆ మందుకు లొంగని కుష్ఠు క్రిములు బయటపడ్డాయి. దేశదేశాల్లో డాక్టర్లు బెంబేలెత్తారు. చివరికి 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక ఉపాయం చెప్పారు. రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలి, ఇన్ని నెలలని లెక్క పెట్టి ఇవ్వాలి. ఒక మందుకు లొంగనిది ఇంకో మందుకు చస్తుంది. ఆ పద్ధతితోనే కుష్ఠు ఇంత తగ్గింది. ఒకసారి చెడిన పనిని చక్కదిద్దిన కథ ఇది. అలాంటి కథలు ఎక్కువ లేవు.

తప్పంతా గోలీ మింగిన ఆడవాళ్ళ మీదనే వెయ్యడం న్యాయం కాదు. పటాన్‌చెరు 2016 దాకా మెదక్ జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడ మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. దాదాపు 90 ఫ్యాక్టరీల మురికినీళ్ళు ఒకచోట చేర్చి శుద్ధి చేసేవాళ్ళు. స్వీడన్ దేశపు శాస్త్రవేత్తలు శుద్ధి అయిన తర్వాత బయటికి వదిలిన నీళ్ళను పరీక్షించారు. 2007లో ఫలితం ప్రకటించారు. ఒక లీటరు నీళ్ళలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి నెత్తురులో కూడా అంత ఉండదు! రోజుకు 40 కిలోలకు పైగా మందు నీళ్ళలో కలిసిపోతోందని లెక్క కట్టారు. ఆ నీళ్ళు వాగుల్లో కలిసేవి. వాగులు మంజీరలో కలుస్తాయి. వాగులోని క్రిములకు అంతకన్నా పెద్ద బడి ఏముంటుంది? ఊళ్ళో అత్తకు బుద్ధి చెప్పినంత గట్టిగా ఫ్యాక్టరీలకు కూడా చెప్పేవాళ్ళు కావాలి.

కోళ్ళ ఫారాల్లో, ఆసుపత్రుల్లో, అవసరం లేని జలుబుకు రాసే చీటీల్లో కూడా ఇదే జరుగుతుంది. జలుబుకు ఈ మందు పని చెయ్యదు. జలుబు తెచ్చేది బాక్టీరియా కాదు, వైరస్.

మళ్ళీ ఆ ఇంటికి పోదాం.

కోడలు చదువుల కేంద్రానికి పోతోంది. అక్షరాలు వచ్చాయి, అంకెలు వచ్చాయి. ఆ రాత్రి దీపం దగ్గర గోలీల అట్ట తిప్పి చూసింది.

"అత్తమ్మా, దీని మీద నిలువుగా ఎర్ర గీత ఉన్నది."

"ఉంటే ఏమాయె బిడ్డా?"

"ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా మింగొద్దట. కేంద్రంలో చెప్పిండ్రు."

గోలీల అట్ట మీద పేరు తెలుగులో ఉండదు. ఇంగ్లీషులో ఉంటుంది. కష్టపడి చదువు నేర్చుకున్న ఆడమనిషికి తన ఒంట్లో పడే మందు పేరు చదివే వీలు లేదు. ఇది లోపం కాక ఏమిటి! కానీ ఎర్ర గీతకు భాష అక్కర్లేదు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఈ గీత గురించి ప్రచారం మొదలుపెట్టింది. అంకెలకూ భాష అక్కర్లేదు. మందు ఏ నెల, ఏ సంవత్సరం దాకా పనికొస్తుందో అంకెల్లో ఉంటుంది. కోడలు చదివింది. డబ్బాలో దాచిన పాత గోలీలకు ఆ తేదీ దాటి నాలుగు నెలలయింది.

ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. 2014 మార్చి నుంచి కొన్ని గట్టి యాంటీబయాటిక్‌లకు వేరే నియమం ఉంది. షాపువాళ్ళు చీటీ చూసే అమ్మాలి. రోగి పేరు, రాసిన డాక్టరు పేరు పుస్తకంలో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. అట్ట మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది. నియమం కాగితం మీద బాగుంది. చీటీ అడగని షాపులు ఇంకా ఉన్నాయి.

తెల్లారి అత్తను సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ ముందు పాదం మీద వేలు పెట్టి నాడి చూసింది. నెత్తురులో షుగరు చూసింది. పుండును కడిగించింది. కడిగిన తర్వాత పుల్లకు చుట్టిన దూదితో లోపలి తడి తీసుకుంది.

"గదేం చేస్తరు బిడ్డా?" అని అడిగింది అత్త.

"పాలల్ల తోడు వేస్తే పెరుగు అయితది గద పెద్దమ్మా! గట్లనే దీన్ని గిన్నెల పెంచుతరు. పెరిగినంక మందు బిళ్ళలు పెట్టి చూస్తరు."

దాన్ని కల్చర్ పరీక్ష అంటారు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. క్రిములు పెరిగిన పళ్ళెంలో రకరకాల మందు బిళ్ళలు పెడతారు. పని చేసే మందు బిళ్ళ చుట్టూ క్రిములు పెరగవు. ఖాళీ సున్న కనబడుతుంది. పని చెయ్యని మందు బిళ్ళను క్రిములు ఆనుకుని పెరుగుతాయి. జ్వరం, పాకుడు లేని పుండుకు ఈ పరీక్ష ఊరికే చెయ్యరు. ఎందుకంటే ఏ పుండులోనైనా ఏదో ఒక క్రిమి దొరుకుతుంది. దొరికింది కదా అని మందు ఇస్తే మళ్ళీ పాత కథే.

అత్త పళ్ళెంలో ఇన్నాళ్ళూ మింగిన మందు చుట్టూ సున్న లేదు. ఇంకో రెండు మందులకు ఉంది. వాటిలో ఒకటి ఏడు రోజులు ఇచ్చారు. జ్వరం దిగింది. ఎరుపు వెనక్కి తగ్గింది. మందు ఆపేశారు.

"పుండు ఇంకా ఉన్నది, గోలీలు ఇయ్యరా?" అన్నది అత్త.

"గోలీల పని అయిపోయింది పెద్దమ్మా. ఇగ కట్టు పని."

పాదంలో నాడి బాగా తగులుతోంది కాబట్టి బిగుతు కట్టు కట్టారు. వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింది దాకా కట్టారు. నాడి సరిగా అందని కాలికి ఈ కట్టు కడితే కాలికే ముప్పు. అందుకే ఇంట్లో సొంతంగా బిగించి కట్టకూడదు. కట్టే తీరు కోడలికి నేర్పారు. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలని చెప్పారు.

మిగతా పని ఇంట్లోనే. కాచి చల్లార్చిన నీళ్ళతో పుండు కడగాలి. వాగు నీళ్ళు, కాలువ నీళ్ళు వద్దు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తర్వాత కూడా కడుక్కోవాలి. మొండి క్రిములు చేతుల మీదుగానే ఇంకో ఒంటికి పోతాయి. స్పిరిట్టు, పొగాకు, సున్నం, బూడిద, పేడ ఏదీ పుండు మీద పడకూడదు. స్పిరిట్టు మంట పెడితే మంచిదనుకుంటారు. అది కొత్తగా పుట్టే లేత కండను కూడా కాలుస్తుంది. దూది నేరుగా అంటించకూడదు, పోగులు అతుక్కుంటాయి. దవాఖాన గుడ్డ దొరక్కపోతే పాత నూలు చీర ముక్కను ఉడకబెట్టి, ఎండలో ఆరేసి వాడొచ్చు. ధనుర్వాతం సూది వేయించుకున్నారో లేదో దవాఖానలో చెప్పాలి.

కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. పడుకున్నప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టాలి. బీడీలు చుట్టేవాళ్ళు గంటకోసారి లేచి నాలుగు అడుగులు వెయ్యాలి. పిక్క మోటారు ఆడాలి కదా! కొత్త కండ పుట్టాలంటే పప్పు, గుడ్డు, ఆకుకూర కావాలి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటుతో పుండు మానదు. అత్తకు గుడ్డు పెట్టడానికి మొదట కొడుకే సణిగాడు. నెలంతా గోలీలకు పెట్టిన డబ్బు లెక్క కోడలు నోటుబుక్కులో కూడి చూపించింది. ఆ తర్వాత సణగలేదు.

పుండు మానుతోందో లేదో ఎట్లా తెలుస్తుంది? కంటికి రోజూ ఒకేలా కనబడుతుంది. కోడలికి డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. కడిగిన సన్నటి ప్లాస్టిక్ కవరును పుండు మీద ఆనించి, అంచు వెంబడి పెన్నుతో గీత గియ్యాలి. దాన్ని నోటుబుక్కులో పెట్టి మళ్ళీ గీసుకోవాలి. పక్కన తేదీ వెయ్యాలి. వారానికి ఒకసారి. కవరును పారెయ్యాలి. నెలలు గడిచినా గీత తగ్గకపోతే, అంచులు పైకి లేచి గట్టిపడితే, మెదక్ పెద్ద దవాఖానకు పోవాలి. కొన్ని పాత పుండ్లలో కాన్సరు కూడా మొలుస్తుంది. ముక్క తీసి పరీక్ష చేస్తారు.

మొదటి వారం గీత అరచేయంత ఉంది. రెండో వారం గీతకూ దానికీ తేడా లేదు. అత్త మళ్ళీ గోలీల మాట ఎత్తింది. కోడలు నోటుబుక్కు మూసి, కట్టు విప్పి, నీళ్ళు కాచింది. ఐదో వారం గీసిన గీత మొదటి గీతకు లోపల వేలెడు దూరంలో పడింది. అత్త నోటుబుక్కును దీపం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. "గీ తేదీ నువ్వే రాసినవా?" అని అడిగింది. తర్వాత కాలు ఎత్తి దిండు మీద పెట్టుకుంది.